నీళ్ల ట్యూబులో ఎవరు?

నాకు ముక్కు మీద కోపం, నోటి చివర ప్రశ్న. రెండూ పుట్టుకతోనే వచ్చాయని మా అమ్మ అందరికీ చెప్పుకుని మురుస్తుంది. పుట్టుకతో వచ్చేవి ఎలా వస్తాయో తెలుసుకుందామని మానవ జన్యుశాస్త్రంలో ఎమ్మెస్సీకి వచ్చానని ఇంటర్వ్యూలో చెప్పాను. అది సీటు కోసం చెప్పిన మాట. అసలు సంగతి వేరు. ఎవరింటికి వెళ్లినా ఆ పిల్లాడి చెవులు ఎవరివి, ఈ పిల్ల సొట్టబుగ్గ ఏ వైపునుంచి వచ్చింది అని కూపీ లాగడం నాకు చిన్నప్పటినుంచీ పిచ్చి. ఆ పిచ్చికి డిగ్రీ కూడా ఇస్తారని తెలిసి ఎగిరి గంతేశాను. చేరిన వారానికే క్లాసులో నాకు 'ఎందుకమ్మ' అని పేరు పెట్టేశారు.

కోర్సు రెండేళ్లు. మొదటి ఏడాది పాఠాలు. రెండో ఏడాది ల్యాబులో ఒక పని చేసి దానిమీద ఒక పుస్తకం రాసివ్వాలి. నా వాటాకు వచ్చింది నడక తూలే జబ్బు. నలభై దాటేసరికి మనిషి అడుగు తడబడుతుంది, చేతిరాత చెదిరిపోతుంది, మాట ముద్దముద్దగా వస్తుంది. తాగి ఉన్నారని చూసినవాళ్లు అనుకుంటారు. నయం చేసే మందు లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వస్తుందా రాదా అన్నది బొమ్మా బొరుసా లెక్కే. ఇంత పెద్ద జబ్బుకు మూలం చూస్తే నవ్వొచ్చేంత చిన్నది. డీఎన్‌ఏలో ఒకచోట మూడక్షరాల ముక్క వెంటవెంటనే తిరిగి తిరిగి వస్తుంది. చాలామందిలో ఇరవై రెండుసార్లు. ముప్ఫై ఒకటి దాకా ఫరవాలేదు. ముప్ఫై ఐదు దాటిందా, జబ్బు వచ్చి తీరుతుంది. ప్రతి మనిషికీ అమ్మ నుంచి ఒక లెక్క, నాన్న నుంచి ఒక లెక్క. ఆ రెండూ తేల్చడమే నా పని.

పని నేర్పింది ల్యాబులో అందరూ అక్కా అని పిలిచే మనిషి. పన్నెండేళ్లుగా ఆ ల్యాబులో టెక్నీషియన్. ముప్ఫై ఏడేళ్లు, ఇద్దరు పిల్లలు. మా మేడమ్ పెద్ద ప్రొఫెసరే కానీ ఆ ల్యాబును నడిపేది అక్కే అని గోడలకు కూడా తెలుసు. చేరిన మొదటి రోజే నన్ను బల్ల ముందు నిలబెట్టి ఎనిమిది చిన్న ట్యూబుల వరస చూపించింది.

"ఏడింట్లో ఏడుగురి డీఎన్‌ఏ. ఎనిమిదో దాంట్లో ఏంటో చెప్పు?"

"ఎనిమిదో మనిషిది."

"ఉత్త నీళ్లు."

"నీళ్లెందుకు?"

"వచ్చేసిందమ్మా ఎందుకమ్మ!" అని నవ్వి చెప్పింది. నీళ్ల ట్యూబుకు కూడా మిగతా వాటికి చేసినవన్నీ చేస్తారు. చివరికి కంప్యూటరు తెరమీద ప్రతి మనిషికీ గీత ఒకటో రెండో చోట్ల నిటారుగా లేవాలి, నీళ్లకు మాత్రం ఎక్కడా లేవకుండా చదునుగా సాగిపోవాలి. అక్కడా లేచిందంటే ఎవరిదో డీఎన్‌ఏ ఎలాగో వచ్చి కలిసిందని అర్థం. కల్తీ. ఆ రోజు లెక్కలన్నీ చెత్తబుట్టలోకే. నీళ్లకు నంబరుండదు, ఫైలుండదు, రిజిస్టరులో చిన్న అడ్డగీత ఒక్కటే. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు, అక్క తప్ప. ప్రతిసారీ ఫలితాలు మొదట తెరిచి నీళ్ల గీత చూసేది తనే.

ఆ సోమవారం మాత్రం నేను తెరిచాను.

శనివారం సాయంత్రం అక్క ట్యూబులు పెట్టి వెళ్లింది. అందులో ఒక ఇంటి అన్నదమ్ములు నలుగురివి ఉన్నాయి. వాళ్లలో ఎవరికి ఎంతుందో చూడాలని ఆదివారమంతా నాకు కాలు నిలవలేదు. ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చున్నాను. రక్తం తీయడానికి రమ్మంటే అక్క కింద క్లినిక్కుకు వెళ్లిందట. ఒక్కసారి చూస్తే ఏం పోతుందిలే అని ఫైలు తెరిచాను. అన్నదమ్ముల గీతలు బాగానే ఉన్నాయి. ఎనిమిదో గీత చూడగానే నాకు తల తిరిగింది. నీళ్లలో గీత రెండుచోట్ల నిక్షేపంగా లేచి నిలబడింది.

అంతే, ల్యాబు పైకప్పు లేపేశాను. నా పక్క బల్ల మీద పనిచేసే కళ్లజోడు అప్పుడే బిస్కెట్ ప్యాకెట్ విప్పుతున్నాడు.

"నువ్వే! ఆ బిస్కెట్లు నములుతూ నా ట్యూబుల మీద వాగుడు వాగి ఉంటావు!"

"శనివారం నేను రానే లేదు తల్లీ, మా చెల్లి పెళ్లిచూపులు."

"అయితే శుక్రవారం వాగావు!"

వాణ్ణి తిట్టే పని పూర్తయ్యాక నా పిచ్చి మొదలైంది. కల్తీ అయితే అయింది, ఇంతకీ ఎవరు? గీత లేచిన చోటే డీఎన్‌ఏ ముక్క పొడవు చెబుతుంది. ఆ పొడవులోంచి అందరికీ ఉండే మామూలు భాగం తీసేసి మూడుతో భాగించాను. ఒక గీత ఇరవై రెండు. రెండోది ముప్ఫై ఎనిమిది. నమ్మలేక మళ్లీ చేశాను. ముప్ఫై ఎనిమిదే.

సరిగ్గా అప్పుడే అక్క రక్తం సీసాల ట్రే పట్టుకుని లోపలికి వచ్చింది.

"అక్కా, రా రా! తమాషా చూద్దువుగాని. నీళ్ల ట్యూబులో మనిషి దొరికాడు! వట్టి మనిషి కూడా కాదు, జబ్బు మనిషి!"

అక్క గుమ్మంలోనే ఆగింది. "ఎంత?"

"ఒకటి ఇరవై రెండు, ఒకటి ముప్ఫై ఎనిమిది. ఎవరో గానీ పాపం, దొరికిపోయారు. నలభై దాటాక గోడలు పట్టుకుని నడవాల్సిందే."

"సరిగ్గా చూశావా?"

"రెండుసార్లు చేశాను. కావాలంటే నువ్వే భాగించుకో."

అక్క వచ్చి నా వెనక నిలబడి తెర చూసింది. పెదాలు కదుపుతూ తనలో తను లెక్కపెట్టుకుంది. తర్వాత స్టూలు లాక్కుని, ట్రే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను ఇంకా ఏదో వాగుతూనే ఉన్నాను.

"పొద్దున్నే ఏమైనా తిన్నావా?" అంది అక్క.

"లేదక్కా, ఇది చూడాలని పరిగెత్తుకొచ్చాను."

"వెళ్లి తిను ముందు," అని సీసాలు వరసగా సర్దడం మొదలుపెట్టింది. లెక్కలు పోయినందుకు బాధపడుతోందనుకున్నాను.

ఆ రోజు, మర్నాడు నేను చేసిన గూఢచారి పని అంతా ఇంతా కాదు. రిజిస్టర్లన్నీ ముందేసుకుని మా దగ్గరికి వచ్చిన నూట పద్నాలుగు మందినీ వెతికాను. ఇరవై రెండు, ముప్ఫై ఎనిమిది జత ఒక్కరికీ లేదు. బల్లలు కడిగాను, నీళ్ల సీసా మార్చాను, నా చేత్తో మళ్లీ ఎనిమిది ట్యూబులు పెట్టాను. ఈసారి నీళ్ల గీత పలకలా చదునుగా వచ్చింది. కల్తీ పోయింది కానీ నా ప్రశ్న పోలేదు. రోగుల్లో ఎవరూ కాకపోతే ఇక మిగిలింది మేమే. ఆ ఊహ రాగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. సిగ్గులేకుండా చెబుతున్నాను, భయంకంటే ఉత్సాహమే ఎక్కువ. మేడమ్ గదిలోకి వెళ్లి, ల్యాబులో అందరి బుగ్గలోపలా ఒక్కసారి దూది పుల్ల తిప్పితే రెండు రోజుల్లో దొంగ దొరికిపోతాడని సలహా ఇచ్చాను.

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అది మంచి సూచన కాదు.

"ఏడాదంతా నీకు నేర్పించింది గాలికి పోయిందా? తెలుసుకోవాలో వద్దో తేల్చుకోవాల్సింది ఆ మనిషి. అడగని వాళ్లకి ఆ లెక్క చెప్పడానికి నువ్వెవరు, నేనెవరు? కల్తీ ఎలా జరిగిందో కనుక్కో. మనిషి జోలికి వెళ్లావంటే ఊరుకోను. శుక్రవారం మీటింగులో కారణం రాసి చూపించు. లేదంటే నీ అరవై శాంపిళ్లూ మొదటినుంచి చెయ్యి, పుస్తకం వచ్చే ఏడాది ఇద్దువుగాని."

తల వంచుకుని బయటికి వచ్చాను. ఒక ఏడాది పోతుందంటే కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ రెండూ తగ్గాక బుద్ధి పనిచేయడం మొదలుపెట్టింది.

కళ్లజోడు తుమ్మినా, నేను వాగినా, కల్తీలో పడే డీఎన్‌ఏ ఎంత? గీత ఎక్కడో గోరంత లేవాలి. ఇక్కడ నీళ్ల గీత పక్కనున్న అన్నదమ్ముల గీతలంత ఎత్తు ఉంది. తుంపర పడితే అంత లేవదు. కొలిచి పోస్తేనే లేస్తుంది. ఎవరో కావాలనే ఆ ట్యూబులో తమ డీఎన్‌ఏ పోశారు. శనివారం ట్యూబులు పెట్టింది ఒక్కరే.

బుధవారం మధ్యాహ్నం సామాను కడిగే గదిలోకి వెళ్లాను. అక్క సింకు దగ్గర గాజు సీసాలు తోముతోంది. నిజం చెప్పాలంటే నేను వెళ్లింది దెబ్బలాడటానికే. ఎవరో తెలిసినవాళ్లు అడిగితే చాటుగా పరీక్ష చేసిపెట్టి ఉంటుంది, దానికి నా ఏడాది బలి పెడుతుందా అని.

"అక్కా, ఆ నీళ్లలో ఎవరిది పోశావు? నీ మొహమాటానికి నా పుస్తకం పోతోంది తెలుసా? అసలు ఆ కల్తీ..."

"అది కల్తీ కాదే," అంది అక్క కొళాయి కట్టకుండానే. "నేను."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అటుపక్కనున్న బకెట్టు బోర్లించి దానిమీద కూలబడ్డాను.

అక్క కొళాయి కట్టి చేతులు తుడుచుకుంది. వాళ్లమ్మకు ఉండేదట. అక్కకు పదిహేనేళ్లప్పుడు మొదలైంది. పొద్దున్నే తాగుతుందని వీధంతా అనుకునేవారట. అక్క కూడా కొన్నాళ్లు అలాగే అనుకుందట, సీసా ఎక్కడ దాస్తోందో అని ఇల్లంతా వెతికిందట.

"పన్నెండేళ్లు ఊరుకున్నదానివి ఇప్పుడెందుకు చూసుకున్నావు?"

"పోయిన నెల రెండుసార్లు ట్యూబులో పొయ్యబోయి పక్కన పోశాను. అలసటేమో, అదేమో. రాత్రీ పగలూ అదే గోల బుర్రలో. తేల్చుకుందామనిపించింది."

"మేడమ్‌ని అడగొచ్చుగా?"

"అడిగితే? పరీక్షకు ముందు మూడు వారాలు కింద క్లినిక్కు గదిలో కూర్చోబెట్టి, తెలిస్తే ఏం చేస్తావు, తెలియకపోతే ఏం చేస్తావు అని అడుగుతారు. ఆ గదిలో కుర్చీలు సర్దేది నేనే, కళ్లు తుడుచుకునే కాగితాల డబ్బా పెట్టేది నేనే. నాకు తెలీదా? ఆ తర్వాత నా చేతిలోంచి చుక్క కింద పడితే చాలు, అందరూ నా మొహం చూస్తారు. నీళ్లకైతే ఫైలుండదు. సోమవారం నేనే ముందు చూసి చెరిపేద్దామనుకున్నా. నువ్వు ఎనిమిదిన్నరకే ఊడిపడతావని కలగన్నానా?"

అప్పుడు గుర్తొచ్చింది, నేను ఆ మాట ఎలా చెప్పానో. తమాషా అన్నాను. దొరికిపోయారు అన్నాను. గోడలు పట్టుకుని నడవాల్సిందే అని నవ్వాను. జబ్బు సంగతి మనిషికి ఎలా చెప్పాలి అన్న పేపర్లో నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు. నా నాలుక కోసేసుకోవాలనిపించింది. అక్క రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేశాను. తనే నా వీపు నిమురుతూ ఊరుకోబెట్టింది.

"పిల్లలకు తెలియకూడదు, మేడమ్‌కి తెలియకూడదు. నాకు కొన్నాళ్లు టైము కావాలి. నీ నోరు కాస్త అదుపులో పెట్టుకుంటావా?"

పెట్టుకుంటానన్నాను. నా పుస్తకం మాట ఆ పూట నాకు గుర్తు కూడా రాలేదు.

శుక్రవారం మీటింగులో అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. 'కారణం తెలియలేదు' అని రాసిన కాగితం మేడమ్ ముందు పెట్టాను. వచ్చే ఏడాది ఇస్తే ఇస్తానులే అని గుండె రాయి చేసుకునే వచ్చాను. మేడమ్ నా వైపు చూడనైనా చూడకుండా అక్క వైపు తిరిగింది.

"శనివారం ట్యూబులు పెట్టింది నువ్వే కదా. పన్నెండేళ్లలో నీ పనిలో ఒక్క తప్పు చూడలేదు నేను. ఈ మధ్య ఇది మూడోసారి. నీ చేతికి ఏమైంది?"

అక్క చెయ్యి బల్ల మీద ఉంది. దాన్ని మెల్లగా ఒళ్లోకి తీసుకుంది. అందరి కళ్లూ ఆ చెయ్యి వెంటే వెళ్లాయి. అది చూసి నేను ఆగలేకపోయాను.

"నాది మేడమ్. ఆ డీఎన్‌ఏ నాదే. అక్క మూతలు పెట్టేలోపు నేనే పోశాను. నా లెక్క ఎంతో చూద్దామని. మీకు అనుమానం రాకూడదనే ఆ దూది పుల్లల నాటకం ఆడాను."

ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. ఎందుకమ్మ కాక ఇంకెవరు చేస్తారు ఆ పని అన్నట్టు చూశారు. ఒక క్షణమే. తర్వాత ఒక్కొక్కరి మొహమూ మారింది. ముప్ఫై ఎనిమిది ఇప్పుడు నా మీదికి వచ్చిందని అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకే. కళ్లజోడు బల్ల కిందనుంచి నా పాదాలు చూస్తున్నాడు. నేను ఎన్ని తిట్లు తిట్టినా చలించనివాడు, గబగబా లేచి మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు.

మేడమ్ మీటింగు ఆపేసింది. నా భుజం మీద చెయ్యి వేసి మెట్లు దింపి, క్లినిక్కు చివర ఉన్న ఆ చిన్న గదిలోకి తీసుకెళ్లింది. రెండేళ్లలో నన్ను ఒక్కసారి కూర్చోమని అనని మనిషి, తన చేత్తో కుర్చీ జరిపింది. తలుపు వేసి, ఫోను తీసి సొరుగులో పెట్టేసింది. బల్లకు అటువైపు కూర్చోకుండా నా పక్కకు వచ్చి కూర్చుంది.

"భయంగా ఉందా?" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఆ పాడు బుద్ధి అప్పుడు కూడా ఊరుకోలేదు. ఓహో, ఇలా మొదలుపెడతారన్నమాట అనుకున్నాను. మేడమ్ నెమ్మదిగా చెబుతూ పోయింది. ఒక్క పరీక్షతో ఏదీ ఖాయం కాదంది. మళ్లీ రక్తం తీసి రెండుసార్లు చూడాలంది. చూడొద్దనుకుంటే ఇక్కడితో ఆపేయొచ్చు, ఆ హక్కు నీది అంది. ఇంట్లో అమ్మకు గానీ నాన్నకు గానీ నడకలో తేడా ఉందా అని అడిగింది. మా అమ్మ మొన్న గుమ్మం తట్టుకుని పడబోవడం టక్కున గుర్తొచ్చింది. చెప్పింది అబద్ధమని తెలిసీ, ఆ ఒక్క నిమిషం ముప్ఫై ఎనిమిది నిజంగా నాదే అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఒక సంగతి నాకు తెలియకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. అక్క సోమవారం నుంచి దీన్ని మోస్తూ సీసాలు కడుగుతోందని తలుచుకుంటే ఏడుపు తన్నుకొచ్చింది. మేడమ్ ఆ ఏడుపు నా కోసమే అనుకుని చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి తలుపు తీసి, రక్తం తీసే ట్రే తెమ్మని అక్కకు కబురు పెట్టింది.

అక్క ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది. సూది, దూది, సీసాలు ఎప్పట్లాగే వరసగా ఉన్నాయి. నా ఎర్రటి కళ్లు చూసింది, మేడమ్ చేతిలో ఉన్న నా చెయ్యి చూసింది. తర్వాత తన ల్యాబు కోటు చేతిని మోచేతి పైదాకా మడుచుకుంది.

"లేవవే," అంది నాతో. "అది నా కుర్చీ."

నేను లేవలేదు. నా జబ్బ పట్టి లేపి తను కూర్చుంది. "ఇది చెప్పిందంతా అబద్ధం మేడమ్. నీళ్లలో ఉన్నది నేను. నా చేతికి ఏమైందని అడిగారుగా. అదే అయిందేమో చూడండి."

మేడమ్ కోప్పడుతుందేమో, ఉద్యోగం పీకేస్తుందేమో అని నేను గోడకు అతుక్కుపోయాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకుంది. కుర్చీ ఇంకొంచెం అక్క దగ్గరికి జరుపుకుంది. ఈ గదికి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న అడిగింది.

"నీ వెంట ఎవరైనా వచ్చారా?"

అక్క తలెత్తి నా వైపు చూసింది.

"ఇది వచ్చింది మేడమ్," అంది.

నేను ముక్కు ఎగబీల్చుకుని, మూలనున్న మూడో కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చున్నాను.